బషీర్ ఢిల్లీ వచ్చినప్పుడు మనం పట్టుకోవాల్సిందా?

రాయగడ బావ: రాత్రి కరెంటు పోయి డాబా మీద కూర్చున్నప్పుడు మా తమ్ముడికీ నాకూ పడ్డ గొడవ ఇది. 2015 అక్టోబరులో సుడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ భారత్-ఆఫ్రికా సదస్సుకని ఢిల్లీ వచ్చాడు. సుడాన్ పడమటి ప్రాంతం డార్ఫర్‌లో జనాన్ని చంపించి, ఊళ్లు ఖాళీ చేయించాడని హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2009లోనే వారంటు ఇచ్చింది, 2010లో జాతి నిర్మూలన కూడా చేర్చింది. మనవాళ్లు మర్యాద చేసి పంపించారు. పట్టుకోవాల్సింది అంటాను నేను. నీకు మతి పోయింది అంటాడు వాడు.

జయపురం మాస్టారు: మతి పోలేదు గానీ చట్టం చూసుకోలేదు మీరు. ఆ కోర్టును పెట్టిన రోమ్ ఒప్పందంలో మనం లేం. 1998లో ఓటింగుకే దూరంగా ఉన్నాం, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి కేసులు పంపే అధికారం ఇవ్వడం, అణ్వాయుధాలను నిషేధించకపోవడం మనకు నచ్చలేదు. డార్ఫర్ కేసును 2005లో కోర్టుకు పంపిన మండలి తీర్మానం కూడా సభ్యులు కాని దేశాలకు ఆ బాధ్యత లేదనే రాసింది. చేరని చీటీకి వాయిదా కట్టమంటే ఎవరు కడతారండీ?

పర్లాకిమిడి పిల్ల: చీటీలో చేరినవాళ్లు మాత్రం కట్టారా మాస్టారూ? అదే 2015 జూన్‌లో బషీర్ దక్షిణాఫ్రికా వెళితే, దేశం దాటనివ్వొద్దని అక్కడి కోర్టు చెప్పింది, ఆయన సైనిక విమానాశ్రయం నుంచి ఎగిరిపోయాడు. ఇదే కోర్టు వారంటు ఉన్న రష్యా పుతిన్ 2024లో మంగోలియా వెళ్లొచ్చాడు. అలాంటి వారంటే ఉన్న ఇజ్రాయెల్ నెతన్యాహు 2025లో హంగరీలో దిగిన రోజే, కోర్టు నుంచి తప్పుకుంటున్నాం అని హంగరీ ప్రకటించింది! మలావీ మాత్రం 2012లో బషీర్ రావద్దంది, దాంతో ఆఫ్రికా దేశాల సదస్సే అడిస్ అబాబాకు మారిపోయింది. అదీ న్యాయం మీద ప్రేమతో మాత్రమే కాదు, సాయం ఇచ్చే దేశాలు ఏమనుకుంటాయోనన్న బెంగ ఉంది.

బరంపురం బండి: పిల్ల సరిగ్గా పట్టుకుంది. మా చిన్నాన్న బండి బరంపురంలో పోయి, ఇచ్ఛాపురం దాటాక ఒక షెడ్డులో కనబడింది. నెంబరు ప్లేటు మార్చారు గానీ సీటు కవరు మా పిన్ని కుట్టిందే, అంచున ఎర్ర దారం. ఇక్కడ స్టేషన్లో "అది ఆంధ్రా, మా హద్దు కాదు" అన్నారు, అక్కడికెళితే "కేసు ఒడిశాలో పెట్టారు కదా, వాళ్లనే రమ్మను" అన్నారు. మూడు నెలలు తిరిగాం. అదే షెడ్డులో ఒక కాంట్రాక్టరుగారి ట్రాక్టరు ఉందని తెలిసిన రోజు రెండు వైపుల జీపులూ గంటలో వచ్చేశాయి.

సెర్బియా కథా అంతే. 2001 జూన్ 28న మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్‌ని హేగ్‌లోని యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్‌కి అప్పగించారు, రాజ్యాంగ కోర్టు ఆ ఉత్తర్వును ఆపినా సరే. మర్నాడు బ్రస్సెల్స్‌లో దాతల సమావేశం, 100 కోట్ల డాలర్లకు పైగా హామీలు. అదే ట్రిబ్యునల్ వెతుకుతున్న బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్ అయితే గడ్డం పెంచి, జుట్టు ముడేసి, బెల్‌గ్రేడ్‌లోనే వైద్యుడిగా తిరిగాడు. యూరోపియన్ యూనియన్ కావాలనే ప్రభుత్వం 2008 జూలైలో వచ్చాక రెండు వారాల్లో దొరికాడు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 8,000 మంది మగవాళ్లను, కుర్రాళ్లను చంపిన సైన్యానికి అధిపతి మ్లాదిచ్ 2011 దాకా దొరకలేదు, అదీ బంధువు ఇంట్లో.

జయపురం మాస్టారు: డబ్బు కోసమే అంటే మిలోషెవిచ్‌ని అప్పగించిన సెర్బియా ప్రధాని జింజిచ్‌కి అన్యాయం చేసినట్టే. 2003 మార్చిలో ఆయన్ని ప్రభుత్వ కార్యాలయం ముందే కాల్చి చంపారు. చంపినవాళ్లలో ప్రత్యేక పోలీసు దళం వాళ్లూ ఉన్నారు. సహకారం అని ఒక్క మాటలో అంటాం గానీ, సంతకం పెట్టినవాడి ప్రాణం మీదికొస్తుంది.

రాయగడ బావ: అదే మాట తమ్ముడికి చదివి వినిపించా. "మరి బషీర్ కోసం మనవాళ్లు ఎందుకు అంత తెగించాలి?" అన్నాడు, ఇంకా మొండికేశాడు. బషీర్ 2019లో పదవి పోగొట్టుకున్నాడు, అప్పగిస్తాం అని సుడాన్ రాజధాని ఖార్టూమ్‌లోని కొత్త పాలకులు రెండుసార్లు అన్నారు, ఈలోగా మళ్లీ యుద్ధం మొదలైంది. సొంత దేశం ఇవ్వదు, చుట్టంగా వచ్చిన దేశం పట్టుకోదు, ఇక డార్ఫర్ వాళ్లు ఎవరి స్టేషన్‌కి వెళ్లాలి? ఇంతకీ బండి దొరికిందా?

బరంపురం బండి: దొరికింది. కోర్టులో పూచీకత్తు ఇచ్చి విడిపించుకున్నాం. సీటు కవరే ఎవరో పీకేశారు.