హెచ్‌ఐవీకి కొత్త మందులు: లొంగని వైరస్‌కు జవాబు గట్టి మాత్రా, దీర్ఘకాలపు సూదా?

ఔషధశాల: రెండు నెలలకొకసారి వేసే కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ సూదులు, ఆరు నెలలకొకసారి వేసే లెనకాపవిర్ వచ్చాక అందరి చూపూ సూదుల మీదే ఉంది. ఇది తప్పుదారి అని నా అభిప్రాయం. హెచ్‌ఐవీ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకునేటప్పుడు దొర్లిన తప్పులను దిద్దుకోదు. మందుకు లొంగని రకాలు ఆ తప్పుల్లోంచే పుడతాయి. నెవిరాపిన్ అనే పాత మందును ఓడించడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు. అదే 2013లో అమెరికాలో అనుమతి పొందిన డొలుటెగ్రావిర్, వైరస్ తన డీఎన్‌ఏను మన కణంలో చేర్చడానికి వాడే ఇంటిగ్రేజ్ ఎంజైమును ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు గనుక, దానిని తప్పించుకోవడం వైరస్‌కు చాలా కష్టం. అటువంటి మాత్రలనే ఇంకా తయారు చేయాలి.

తమ్ముడు: మాత్ర ఎంత గట్టిదైనా చేతికి అందాలి కదండీ. రోజూ దాచుకొని మింగే బాధ సూదికి లేదు.

పల్నాడు పాఠకుడు: లెనకాపవిర్ జెనరిక్ 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే వస్తుందని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. తయారుచేసేవి మన హైదరాబాద్ కంపెనీలే, డాక్టర్ రెడ్డీస్, హెటెరో.

ఔషధశాల: ఆ ధర వైరస్ సోకకుండా ముందుగా వేసే సూదికి. మనం మాట్లాడుతున్నది చికిత్స గురించి. పైగా సూది మానేసినా మందు నెలల తరబడి రక్తంలో కొద్దికొద్దిగా మిగిలి ఉంటుంది. ఆ చాలీచాలని మోతాదే వైరస్‌కు పాఠశాల. మాత్ర వేళకు వేసుకునే క్రమశిక్షణ రోగికి ఉంటే ఈ గొడవే ఉండదు.

తమ్ముడు: క్రమశిక్షణ అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2009లో మా అన్నయ్య వాడింది స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ కలిసిన మాత్ర. నెలనెలా మందులిచ్చే కేంద్రంలో డబ్బా బోర్లించి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, పుస్తకంలో శాతం రాసేవారు. ఒక నెల సరుకు రాలేదని పది రోజుల మాత్రలే చేతిలో పెట్టి, మళ్లీ రమ్మన్నారు. రెండుసార్లు వెళ్లినా లేవన్నారు. మిగతా రెండు మందులూ ముందే పోయి నెవిరాపిన్ ఒక్కటే రక్తంలో మిగిలితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. తరువాత వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మొత్తం, పెరిగినప్పుడు పుస్తకంలో రాసింది మాత్రం, ‘రోగి మందులు సరిగా వాడలేదు’ అని. ఆయన ఒక్క పూట కూడా మానలేదు.

గోదావరి గట్టు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ఔషధశాల: ఆ మాట అన్నందుకు క్షమించండి, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ అన్నయ్యగారికి జరిగినదే నా భయానికి ఆధారం. ఖాళీ రోజులు వస్తాయని ముందే అనుకొని, వాటిని తట్టుకొనే మందును తయారు చేయాలి. సరుకు రాని నెలలో సూది కూడా రాదు.

తమ్ముడు: ఖాళీ వస్తుందని మీరు ఒప్పుకున్నారు, అది చాలు. అయితే ఆ ఖాళీకి కారణం రోగి అని రాసే పుస్తకం మారనంతవరకు, మీ గట్టి మాత్ర ఓడిపోయిన రోజున కూడా నింద మా ఇంటికే వస్తుంది.