ఆడపిల్లకు మగవారి పేరు పెట్టడం వెనుక ఏముంటుంది?

ప్రశ్న:

మాకు రెండో సంతానం కూడా ఆడపిల్లే. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాము. కిరణ్ అనే పేరు నాకూ మావారికీ ఎంతో నచ్చింది. మా అత్తగారు మాత్రం అది మగపిల్లల పేరనీ, కొడుకు కోసం ఎదురుచూసి నిరాశపడి పెట్టామని బంధువులు అనుకుంటారనీ బాధపడుతున్నారు. మాకు అటువంటి నిరాశ ఏ కోశానా లేదు. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి మనసు కుదుటపడడం లేదు. తల్లిదండ్రులు ఆడపిల్లలకు మగవారి పేర్లు, లేదా ఇద్దరికీ చెల్లే పేర్లు ఎందుకు పెడతారో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:

అమ్మా, మన ఇళ్ళలో పేరు చాలావరకు మొక్కును బట్టి వచ్చింది. ఏ దేవుడికి మొక్కుకుంటే బిడ్డ దక్కిందో ఆ దేవుడి పేరు పెట్టుకునేవారు. దేవుడు పురుషుడైనా, పుట్టినది ఆడపిల్ల అయినా మొక్కు మొక్కే కాబట్టి చివర అమ్మ అని చేర్చి పిలుచుకునేవారు. హనుమాయమ్మ, వీరభద్రమ్మ, నరసమ్మ అలా వచ్చిన పేర్లే. దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్ళలో మస్తానమ్మలు కూడా ఉన్నారు. ఇది ఒకవైపు నుంచే జరగలేదు. మేడారం వనదేవతలైన సమ్మక్క, సారలమ్మల పేర్ల మీద తెలంగాణలో ఎందరో మగవారు సమ్మయ్యలు, సారయ్యలు అయ్యారు.

పూర్వీకుల పేరు నిలపడం మరొక కారణం. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఆయన కుమార్తెలలో ఒకరు గణపాంబ. ఆ పేరులో తండ్రి పేరే ఉంది. మరొకరు రుద్రమదేవి, వేయి స్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు గణపతిదేవుడికి పెదతండ్రి, ఆమె పేరులో వినిపించేది ఆయన పేరే. ఆమె రాజ్యం చేసిన కాలపు శాసనాలలో రుద్రదేవ మహారాజు అనే మగపేరుతోనే కనిపిస్తుంది. సింహాసనం మీద స్త్రీని ఒప్పుకోని సామంతుల మధ్య ఆ పేరు ఆమెకు ఒక కవచమై ఉంటుందని నేను భావిస్తాను. కనుక వంశం మీది ప్రేమ, వారసుడు లేడన్న చింత ఒకే పేరులో కలిసి ఉండవచ్చు.

రెండో జవాబు:

పై జవాబులోని చివరి మాటకు నా బతుకే సాక్ష్యం. నేను మూడో ఆడపిల్లను. పుట్టబోయే కొడుక్కని ముందే ఎంచుకున్న పేరును మార్చకుండా నాకు పెట్టారు. ఏడేళ్ళు వచ్చేదాకా క్రాపు, చొక్కా, నిక్కరు. అక్కలిద్దరికీ పూలజడ వేసి, స్టూడియోకు తీసుకువెళ్ళి, జడ కనిపించేలా వెనుక అద్దం పెట్టి తీయించిన ఫొటోలు ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉన్నాయి. నాకు అటువంటి ఫొటో లేదు. నా ఎనిమిదో ఏట తమ్ముడు పుట్టాడు. ఆ నెల నుంచే నా జుట్టు పెంచడం మొదలుపెట్టారు.

నాన్న నన్ను తక్కువగా చూడలేదు, చదివించారు, ఆ రుణం నాకు తెలుసు. అయినా ఒక పేరును ఇష్టపడి పెట్టడానికీ, రాని మనిషి కోసం దాచిన పేరును వచ్చిన మనిషికి తొడగడానికీ ఎంతో తేడా ఉంది. మీరు మొదటి కోవకు చెందినవారైతే నిశ్చింతగా పెట్టండి. రేపు మీ అమ్మాయి అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగితే చాలు.

మూడో జవాబు:

నా పేరు కూడా ఇద్దరికీ చెల్లేదే. మన భాషలో దీనికి ఒక వెసులుబాటు ఉంది. వచ్చాడు, వచ్చింది అన్నప్పుడే ఆడా మగా తేడా తెలుస్తుంది కానీ, పేరుకు గారు చేర్చి వచ్చారు అంటే ఆ తేడా వినిపించదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు నన్ను చూడకముందే నా పని చూశారన్న తృప్తి నాకు చాలాసార్లు కలిగింది. మా అమ్మ ఈ పేరు ఎంచుకున్నది కూడా ఆ ఉద్దేశంతోనే. నాన్న అయితే ఇప్పటికీ ఏరా అనే పిలుస్తారు. ఆడపిల్లలను నాన్నా, కన్నా అని పిలవడం మన ఇళ్ళలో ఉన్నదే కదా!

ఒక్క జాగ్రత్త తీసుకోండి. జనన ధ్రువీకరణ పత్రం చేతికి రాగానే లింగం అన్నచోట ఏమి రాశారో చూసుకోండి. పేరు చూసి పురుషుడని రాసేయడం వల్ల ఒక కార్డులో ఆ తప్పు సరిదిద్దించుకోవడానికి నేను నాలుగు నెలలు తిరిగాను.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి జవాబును మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమె పేరు కోటేశ్వరమ్మ. ముగ్గురు బిడ్డలు పోయాక వాళ్ళ అమ్మ కోటప్పకొండ మెట్లెక్కి మొక్కుకుంటే తాను పుట్టానని చాలాసేపు చెప్పారు. ఆ ముగ్గురిలో ఆడపిల్లలెందరో, మగపిల్లలెందరో ఎవరూ తనకు చెప్పలేదనీ, తాను బతికితే చాలనుకున్నారనీ అన్నారు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో కిరణ్ అని తానే రాస్తానంటున్నారు.