సిమ్యులేషన్‌లో కనిపించే గీత స్ట్రిప్ మీద ఎందుకు పడట్లేదు?

స్ట్రిప్_మోడల్:
కోవిడ్ వైరస్‌లోని ఎన్-ప్రొటీన్‌ను పట్టడానికి 40 నానోమీటర్ల బంగారు కణాలతో ర్యాపిడ్ టెస్ట్ స్ట్రిప్. ప్రవాహం, వ్యాపనం, బంధం మూడూ కలిపి పైథాన్‌లో రాసిన మోడల్ ప్రకారం మిల్లీలీటరుకు 1 నానోగ్రాం దగ్గరే గీత రావాలి. నిజంగా చూస్తే 10 నానోగ్రాములకు గానీ మసగ్గా కూడా రావట్లేదు. పైగా ఖాళీ బఫర్‌కే అప్పుడప్పుడు లేత గీత. టెస్ట్ లైన్‌లో (గీత పడాల్సిన చోట) యాంటీబాడీ 1 మిల్లీగ్రాం/మి.లీ., సెంటీమీటరుకు 1 మైక్రోలీటర్. కే-ఆన్ (బంధం ఎంత వేగంగా ఏర్పడుతుందో చెప్పే సంఖ్య) 10 లక్షలు వేశాను. ఎక్కడ తప్పుతోంది?

పొర_ప్రవాహం:
వ్యాపనాన్ని అనుమానించకండి. 40 నానోమీటర్ల కణం నీళ్లలో సెకనుకు దాదాపు 12 చదరపు మైక్రాన్ల గుణకంతో కదులుతుంది. 10 మైక్రాన్ల రంధ్రం మధ్య నుంచి గోడకు చేరడానికి సెకను చాలు. అసలు తేడా బంధంలో ఉంది. గీత వెడల్పు 1 మి.మీ., పొర మందం 0.13 మి.మీ., అందులో 70 శాతం ఖాళీ అనుకుంటే, మీ యాంటీబాడీ గాఢత సుమారు 7 మైక్రోమోలార్. మోడల్ అంతటినీ పనిచేసేదిగానే లెక్కేసింది, అందుకే కణాలు సగటున 0.14 సెకన్లలోనే పట్టుబడిపోయాయి. పొర మీద ఎండాక యాంటీబాడీలో పదో వంతే పనిచేస్తుందనుకుని, కే-ఆన్ లక్షకు తగ్గించి చూడండి: 14 సెకన్లు. గీత దగ్గర వేగం సెకనుకు 0.1 మి.మీ. అయితే కణానికి దొరికేది 10 సెకన్లే. సగం దాటిపోతాయి. కాంజుగేట్ (యాంటీబాడీ కట్టిన బంగారు కణాలు) దగ్గర కూడా ఇలాగే జరిగితే మిగిలేది నాలుగో వంతు.

శాంపిల్‌ను కాంజుగేట్‌తో 2-3 నిమిషాలు ముందే కలిపి ఉంచండి. ద్రవం 4 సెం.మీ. పాకడానికి 90 సెకన్లు పట్టే పొర వాడుతుంటే 180 సెకన్లది పెట్టండి. మిగతా తేడా మాత్రం మోడల్‌లో దొరకదు, కాంజుగేట్‌లో వెతకాలి.

ఎర్ర_బంగారం:
అయితే ఉప్పు పరీక్షతో మొదలుపెట్టండి. 1 ఓడీ (రంగు చిక్కదనం కొలత) బంగారం 500 మైక్రోలీటర్లు, యాంటీబాడీ మిల్లీలీటరుకు 0 నుంచి 12 మైక్రోగ్రాముల దాకా రెండేసి పెంచుతూ. 10 నిమిషాలాగి, 10 శాతం ఉప్పు నీళ్లు 50 మైక్రోలీటర్లు. ఊదారంగుకు తిరిగిందంటే కణాలు గుమిగూడాయన్నమాట. ఎర్రగా నిలిచిన మొదటి ట్యూబు మోతాదుకు 20 శాతం కలుపుకోండి. పీహెచ్ యాంటీబాడీ పీఐ (దాని మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, 0.2 మోలార్ పొటాషియం కార్బొనేట్‌తో సరిచేయండి. పూత లేని బంగారంలో ఎలక్ట్రోడ్ ముంచొద్దు, కణాలు దానికే అంటుకుంటాయి. పీహెచ్ కాగితం చాలు. యాంటీబాడీ పీబీఎస్‌లో (ఉప్పున్న బఫర్) గానీ బీఎస్ఏతో (పశువుల రక్తంలోని ప్రొటీన్) గానీ వచ్చిందా? ఉప్పు కణాల్ని గుమిగూడుస్తుంది, బీఎస్ఏ వాటి మీద చోటంతా ఆక్రమిస్తుంది. ముందే పలచని బోరేట్ బఫర్‌లోకి మార్చుకోండి. చివర్లో 1 శాతం బీఎస్ఏతో బ్లాక్ చేసి (కణాల మీద మిగిలిన ఖాళీ చోట్లు కప్పి), రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి కడగండి. అంటుకోకుండా మిగిలిన యాంటీబాడీ వైరస్ ప్రొటీన్‌ను ముందే పట్టేసుకుంటుంది, అంతమేరకు గీత పలచబడుతుంది.

పొర_ప్రవాహం:
నేను చెప్పిన దానికి ఒక సవరణ. నెమ్మది పొర తప్పుడు గీతను కూడా పెంచుతుంది, కాబట్టి ముందు ఖాళీ బఫర్ గీత సంగతి తేల్చండి. అదే జాతి జంతువు నుంచి తీసిన, ఈ వైరస్‌తో సంబంధం లేని ఐజీజీని (మామూలు యాంటీబాడీ) బంగారానికి కట్టి స్ట్రిప్ నడపండి. అప్పుడూ గీత పడితే మీ యాంటీబాడీ జంట తప్పు కాదు, బ్లాకింగ్ చాలలేదు. బఫర్‌లో కేసిన్ (పాల ప్రొటీన్), ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం) కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. గీతను 15వ నిమిషంలోనే చదవండి. పొర ఆరాక పడే గీతను లెక్కలోకి తీసుకోవద్దు.