‘మోసగాళ్ళకు మోసగాడు’: ఆ ‘కు’ ఏమంటోంది?

1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన కృష్ణ కౌబాయ్ సినిమా పేరులో ‘కు’కి అర్థమేమిటి? మోసగాళ్ళను మించినవాడనా, మోసగాళ్ళను మాత్రమే మోసగించేవాడనా? మొదటిదైతే హీరో కూడా ఆ తాను ముక్కే. రెండోదైతే పాపం అంటదు. దీనికి సరిపడే శ్లోకం నోట్లో ఆడుతోంది: ‘...దోషో న ... దుష్టే దుష్టం సమాచరేత్’. దుష్టుడితో దుష్టంగానే ఉండు, తప్పులేదని. మధ్యలో ఏదో జారిపోయింది.

—

‘తత్ర దోషో న పతతి’. చాణక్య నీతి. ‘శఠే శాఠ్యం’ అనీ వాడుక ఉంది. ఇక వ్యాకరణం: ఈ ‘కు’ షష్ఠి, అంటే ఆరో విభక్తి. అందులో పలువురిలో ఒకణ్ణి వేరుచేసి చెప్పేది నిర్ధారణ షష్ఠి. దానికి ‘లో, లోపల’ కావాలి, ‘కు’ చాలదు. కనుక ‘మించినవాడు’ కుదరదు.

—

విభక్తిలో లేకపోతే నుడికారంలో ఉంది మాస్టారూ. ‘రాజులకు రాజు’ అనరా? ప్రజలకు రాజెలాగో రాజులకు అతనలాగ. జనానికి మోసగాడెలాగో మోసగాళ్ళకు వీడలాగ. అంతే. మిగతావాళ్ళ జోలికి పోడని ఆ ‘కు’ ఎక్కడా హామీ ఇవ్వదు.

—

ఈ మాట 1966 నాటి లియోనే కౌబాయ్ సినిమా ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’కి ఇంకా బాగా అతుకుతుంది. బందిపోటు టూకో తలకి 2,000 డాలర్లు వెల. హీరో బ్లాండీ అతణ్ణి షెరీఫుకి అప్పగించి డబ్బు తీసుకుంటాడు, ఉరి తీసే వేళకి దూరం నుంచి తాడు తెగేలా కాలుస్తాడు. ఇంకో ఊళ్ళో అదే ఆట, వెల 3,000. చివరికి వాటాదారుణ్ణే ఎడారిలో దించి పోతాడు. షెరీఫు ఏ మోసం చేశాడని? అయినా పేరులో ‘మంచివాడు’ ఇతనే! కిరాయి హంతకుడు ఏంజెల్ ఐస్‌ని చూడండి: 500 ఇచ్చినవాడి పని పూర్తిచేస్తాడు, చచ్చేముందు బాధితుడిచ్చిన 1,000కి ఆ 500 ఇచ్చినవాణ్ణీ చంపుతాడు. ఒప్పుకున్న పని ఎగ్గొట్టని మనిషి ‘చెడ్డవాడు’. ఇటాలియన్ పేరులో వరస మంచి, వికారి, చెడ్డ. ఇంగ్లీషులో చివరి రెండూ తారుమారై, అమెరికా ట్రైలర్లో బిరుదులు కూడా ఒకరివి ఒకరికి తగిలించారు.

—

‘అపకారికి నుపకారము’ మరిచారా? అక్కడి ‘కి’ కూడా షష్ఠే. సుమతి దారి చాణక్యుడికి ఎదురుదారి.

—

ఎదురేం కాదు. ఆ పద్యంలో అతణ్ణి ‘నేర్పరి’ అన్నాడు, ‘మంచివాడు’ అనలేదు. తుపాకీ వీరుడు బ్లాండీకీ ఆ ఒక్క బిరుదే నప్పుతుంది.

—

కృష్ణ సినిమాకి మాటలు ఆరుద్రవి. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసినాయనకి షష్ఠి పాఠం చెబుతున్నాం మనం! నన్నడిగితే ఆ పేరుని నిలబెట్టింది విభక్తి కాదు, మో–మో. ఆయన కూనలమ్మ పదాలు చూడండి, మూడు పాదాలకీ అంత్యప్రాస బిగించాక అర్థం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

—

ప్రాస కోసమే అయితే ‘మోసగాళ్ళలో మోసగాడు’ అన్నా మో–మో పోదుగా?

—

పోదు, కానీ పస పోతుంది. అది సరే, ‘నేర్పరి’ అన్నవారికో ప్రశ్న: ‘నెపమెన్నక’లో నెపం తప్పా, సాకా? ‘తప్పెంచక’ అయితే క్షమ. ‘సాకు వెతకక’ అయితే సంగతి వేరు.

—

తప్పే. టీకలన్నీ అదే చెబుతాయి.

—

టీకలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి. నిఘంటువు తెరవండి, రెండూ ఉన్నాయి.