డివిజన్ల పునర్విభజన: ముసాయిదా వస్తే ముందు ఏం చూడాలి? (విజయవాడ)

కృష్ణలంక కుర్రాడు: బెజవాడ కార్పొరేషన్‌లో 59 డివిజన్లు (వార్డులు) 64 అయ్యాయి. 2021 ఎన్నికలు ఆ 64తోనే జరిగాయి. కొత్త జనగణన లెక్కలొస్తే మళ్లీ గీతలు మారతాయి కదా. ముసాయిదా చేతికొస్తే ఏం చూడాలి? అభ్యంతరం నిలబడాలంటే ఎలా రాయాలి?

లెక్కల మాస్టారు: ముందు సగటు కట్టండి. రాజ్యాంగం 243పి ప్రకారం జనాభా అంటే చివరిసారి ప్రచురించిన జనగణన అంకే. కొత్తది ప్రచురించేదాకా 2011 లెక్కే దిక్కు. పది లక్షల పైచిలుకును 64తో భాగిస్తే డివిజన్‌కు దాదాపు 16 వేలు. పది శాతం అటూ ఇటూ అనుకుంటే 14,400 నుంచి 17,600 మధ్య ఉండాలి.

అసలు చిక్కు బ్లాకుల దగ్గర. జనగణన బ్లాకులో, అంటే ఒక లెక్కింపుదారుకు అప్పగించే ఇళ్ల గుంపులో, ఏడెనిమిది వందల మంది ఉంటారు, అలాంటివి ఇరవై పైన కలిస్తే ఒక డివిజన్. గీత బ్లాకు అంచు మీదుగా వెళ్తే లెక్క పక్కా. బ్లాకును కోసిందంటే సగానికి విడిగా జనాభా అంకె ఉండదు, ఇళ్లు లెక్కపెట్టి పంచేస్తారు. అపార్ట్‌మెంటునీ పెంకుటింటినీ ఒకే గాటన కట్టే ప్రమాదం అక్కడే. ముసాయిదాలో కోసిన బ్లాకులు ఎన్నో ముందు అదే వెతకండి.

కొండమెట్లు: మ్యాపులో ఆనుకుని కనబడినవన్నీ ఆనుకుని ఉన్నట్టు కాదు. మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఒకే మెట్లదారికి ఎడమ ఇళ్లు ఒక డివిజన్‌లో, కుడి ఇళ్లు ఇంకో డివిజన్‌లో పడితే ఆ మెట్ల మీద లైటు వెలగకపోతే ఎవరికి చెప్పాలి? హద్దు శిఖరం మీదుగా పోవాలి గానీ మెట్ల మధ్యలోంచి కాదు. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, రైలు పట్టాలు మంచి హద్దులు. వాటిని దాటించి అవతలి నాలుగు వీధులు కలిపారంటే కారణం అడగాల్సిందే.

కృష్ణలంక కుర్రాడు: మరి రిజర్వేషన్ల సంగతో?

గుంటూరు బ్రాడీపేట: ఎస్సీ సీట్లు ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న డివిజన్ల నుంచి దిగువకు కేటాయిస్తారు. ఒక కాలనీని రెండుగా చీలిస్తే రెండు చోట్లా శాతం పడిపోయి, రెండూ జాబితాలో కిందికి జారతాయి. మొత్తం జనాభా సమంగా ఉన్నా ఈ నష్టం పైకి కనబడదు. కాబట్టి పాత డివిజన్‌లో ఎస్సీ శాతం ఎంత, కొత్త దాంట్లో ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి.

లెక్కల మాస్టారు: అభ్యంతరం సంగతి. "మా ఏరియా విడగొట్టారు" అంటే పక్కన పడేస్తారు. డివిజన్ నంబరు, ఏ దిక్కు హద్దు, ఏ వీధి, ఏ డోర్ నంబరు నుంచి ఏ నంబరు దాకా, అక్కడి జనాభా ఎంత, దాన్ని పక్క డివిజన్‌లో కలిపితే రెండింటి మొత్తం ఎంతవుతుంది, ఇవన్నీ రాయాలి. మీరు చూపే మార్పు వల్ల పక్క డివిజన్ సగటుకు పది శాతం దాటిపోకూడదు. డోర్ నంబరులో మొదటి అంకెను డివిజన్ నంబరనుకోకండి, అది పాత వార్డుది. గడువు తక్కువే ఉంటుంది. నోటిఫికేషన్‌లో రాసిన తేదీలోపు కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి.

కొండమెట్లు: ఇంకొకటి. తుది నోటిఫికేషన్ తర్వాత ఓటరు జాబితా. అసెంబ్లీ జాబితాలోని ఒక భాగం (ఒక పోలింగ్ కేంద్రం ఓటర్ల పట్టీ) రెండు డివిజన్లలోకి చీలితే కొన్ని ఇళ్ల ఓట్లు వేరే డివిజన్‌లో పడిపోతాయి. సరిహద్దు వీధుల్లో ఉన్నవాళ్లు డోర్ నంబరు వారీగా పేరు చూసుకోండి. పోలింగ్ రోజు తెలిస్తే చేయడానికేమీ ఉండదు.