మైకీస్‌ఫొంటేన్ ఊరా, సినిమా సెట్టింగా?

రైలుపిచ్చి:
దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి ఎన్1 రోడ్డు పట్టుకుని దాదాపు 240 కిలోమీటర్లు వెళ్లి నిన్ననే తిరిగొచ్చాం. రాసేది వేరు, పలికేది వేరు, బోర్డు చూసి మా ఆయన దారంతా ‘మట్జీస్’ అనే అన్నాడు. కరూ అనే బీడు మధ్యలో ఒకటే వీధి, బురుజుల హోటలు, స్టేషను, ఎర్ర లండన్ డబుల్ డెక్కర్. బస్సెక్కితే పది నిమిషాల్లో ఊరు అయిపోయింది, మా బుడ్డోడి చిప్స్ ప్యాకెట్ సగం కూడా కాలేదు. 1968లో డేవిడ్ రాడన్ అనే హోటల్ యజమాని ఊరు ఊరంతా కొని బాగుచేయించాడట. ఒక మనిషి తన అభిరుచికి తీర్చిదిద్దుకున్నదాన్ని చరిత్ర అంటామా? నా లెక్కలో సెట్టింగే.

పాతరాయి:
కొన్నాడు సరే, ఊరు పుట్టించింది ఆయన కాదు కదండీ. జేమ్స్ లోగన్ అనే స్కాట్లండ్ వాడు కేప్‌టౌన్ స్టేషన్లో పోర్టరుగా మొదలై, ఊపిరితిత్తుల జబ్బుకి ఇక్కడి పొడిగాలి పడిందని 1880ల్లో ఇక్కడే పాతుకుపోయాడు. అప్పట్లో రైళ్లలో భోజనం బోగీలు లేవు, బండి ఆగితే జనం దిగి తినాల్సిందే, ఇంజన్లకు నీళ్లు కావాలి. అన్నం, నీళ్లు అమ్మి ఊరు కట్టాడు. ఇంతకన్నా అసలైన ఊరు ఇంకెలా పుడుతుంది?

ఉప్పుచేప:
అన్నం నీళ్లేనా? టెండర్ లేకుండా రైల్వే క్యాంటీన్ల కాంట్రాక్టు కూడా. మంత్రి సివ్‌రైట్ స్నేహితుడు కాబట్టి వచ్చింది, ఆ గొడవలోనే 1893లో కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ మంత్రివర్గం కూలింది. మనవాళ్లకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. ఇక 1899లో హోటల్ కట్టి దానికి అప్పటి బ్రిటిష్ హైకమిషనర్ లార్డ్ మిల్నర్ పేరు తగిలించారు. బోయర్లతో (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్లతో) బ్రిటిష్‌వాళ్ల యుద్ధాన్ని కోరి తెచ్చినవాళ్లలో ముందువరస ఆయనది. ఆ యుద్ధంలో బ్రిటిష్ నిర్బంధ శిబిరాల్లో 26,000కు పైగా బోయర్ ఆడవాళ్లు, పిల్లలు చచ్చిపోయారు, నల్లజాతివాళ్ల శిబిరాల్లో ఇంకెన్నో వేలమంది. ఆ పేరు కింద కూర్చుని టీ తాగడం నావల్ల కాదు.

పాతరాయి:
పేరు పీకేస్తే చచ్చినవాళ్లు తిరిగొస్తారా? ఉండనీయండి, కింద ఒక బోర్డు పెట్టి మీరు చెప్పిందంతా రాయండి.

గూగ్లీ:
ఇంతసేపు క్రికెట్ ఊసెత్తలేదేంటి ఎవరూ! జార్జ్ లోమన్ సమాధి అక్కడే. ఇంగ్లండ్ బౌలర్, 18 టెస్టుల్లో 112 వికెట్లు, సగటు 10.75. వంద వికెట్లు తీసినవాళ్లలో అంత తక్కువ సగటు ఈరోజుకీ ఎవరికీ లేదు. క్షయ వచ్చి, లోగన్ లాగే ఆ గాలి కోసం వచ్చి, 1901లో ఇంగ్లండ్ వెళ్లిన దక్షిణాఫ్రికా జట్టుకి మేనేజరుగా వెళ్లొచ్చి, ఆ డిసెంబర్లోనే 36 ఏళ్లకు పోయాడు. లోగన్‌కి గాలి పడింది, ఈయనకి పడలేదు. శ్మశానం ఊరికి కొన్ని కిలోమీటర్ల అవతల, బస్సు అటు పోదు.

రైలుపిచ్చి:
అయ్యో, శ్మశానం వైపు చూడనే లేదు. కాంట్రాక్టు గొడవ కూడా ఇప్పుడే వింటున్నా. సరే, సెట్టింగ్ అన్నమాట సగం వెనక్కి తీసుకుంటున్నా, మిగతా సగం ఆ ఎర్ర బస్సుకి. పేరు విషయంలో మాత్రం నేను ఉప్పుచేప గారి వైపే. గూగ్లీ గారూ, శ్మశానానికి మామూలు కారు వెళ్తుందా, లేక జీపు కావాలా?