అప్‌డేట్: రెండు నిమిషాల దగ్గర ఆగిపోయిన నా క్యూబ్ సంగతి

మూడు నెలల కింద అడిగాను కదా, 3×3 రూబిక్స్ క్యూబ్‌కు రెండు నిమిషాలు పడుతోంది, ఇంకా తగ్గాలంటే ఓఎల్‌ఎల్ (చివరి పొర పైముఖాన్ని ఒకే రంగు చేసేవి) 57, పీఎల్‌ఎల్ (ఆ పొర ముక్కలను వాటి చోట్లకు చేర్చేవి) 21 అల్గారిథమ్‌లు, అంటే తిప్పే వరుసలు, అన్నీ బట్టీ పట్టాలా అని. వద్దు, ముందు టూ-లుక్ (ఈ రెంటిలో ఒక్కోదాన్ని రెండు మెట్లుగా చేసే పద్ధతి) నేర్చుకో అన్న అన్నకు దండం. మొత్తం 16 అల్గారిథమ్‌లే. నల్లగొండ, దేవరకొండ మధ్య రోజూ బస్సులో తిరుగుతూ రెండు వారాల్లో చేతికి ఎక్కించుకున్నాను.

ఇప్పుడు నా సగటు 41 సెకన్లు. ఐదుసార్లు చేసి, అన్నిటికన్నా మంచిదీ చెత్తదీ తీసేసి, మిగతా మూడింటి సగటు. పోటీల్లో కూడా లెక్క ఇదే.

నిజానికి టైమ్ బాగా తగ్గింది అల్గారిథమ్‌ల వల్ల కాదు, క్రాస్ (మొదట ఒక ముఖం మీద చేసే ప్లస్ గుర్తు) కింది వైపు పెట్టి చేయడం అలవాటయ్యాక. మొదటి వారం నరకం, రెండు నిమిషాలు కాస్తా రెండున్నర అయింది. కానీ క్యూబ్‌ను మాటిమాటికీ తిరగేసే పని తప్పింది. ఒక జత (మూల ముక్క, దాని పక్క అంచు ముక్క) పెడుతుండగానే కళ్లు తర్వాతి జతను వెతకాలి. అందుకోసం కావాలనే మెల్లగా తిప్పాను.

ఒక పరువు తక్కువ సంగతి కూడా చెప్పాలి. బతుకమ్మ సెలవుల్లో మా మేనల్లుడు "మామా, ఇది చెయ్యి" అని క్యూబ్ ఇచ్చాడు. చివర్లో ఒక్క మూల మాత్రం కుదరదు. అరగంట టెన్షన్! చూస్తే వాడు ఆ మూలను చేత్తో మెలితిప్పి ఇచ్చాడు. అలాంటప్పుడు ఎన్ని అల్గారిథమ్‌లు వేసినా కుదరదు, మళ్లీ చేత్తోనే తిప్పాలి.

ఇప్పుడు పీఎల్‌ఎల్ పూర్తిగా మొదలుపెట్టాను. అందులో జీ పర్మ్‌లు అనే కేసులు నాలుగూ ఒకేలా కనిపిస్తున్నాయి. మీరెలా గుర్తుపడతారు?